మా హీరోలకు ‘అయినా’ వద్దు

‘ముస్లిం అయినా మనసున్న మనిషి.’

ఈ హెడ్డింగ్ పెట్టింది మా శత్రువెవడో కాదు. నేనే. నా చేత్తో నేనే పెట్టాను.

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేనొక తెలుగు దినపత్రిక సిటీ పేజీలో పనిచేస్తున్నాను. ఒక ఆటో డ్రైవరు తన బండిలో ఎవరో మరిచిపోయిన నగల సంచిని తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాడు. పెళ్లింటి నగలు. రెండు కాలాల వార్త, పక్కన ఫోటో. నా కౌమ్‌కి ఎంతో మేలు చేశాననుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

మూడో రోజు ఆయన ఆఫీసుకొచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో మడిచిన పేపరు. షుక్రియా చెప్పడానికొచ్చాడనుకుని చాయ్ తెప్పించాను. ఆయన పేపరు టేబుల్ మీద పరిచి, ఆ మాట మీద వేలు పెట్టి ఉర్దూలోనే అడిగాడు: “నాకు తెలుగు రాదు భాయ్. నా బిడ్డ చదివి చెప్పింది. నేను సంచి వాపస్ ఇచ్చింది నమాజు చదివే మనిషిని కాబట్టి. ముస్లిం ‘అయినా’ ఇచ్చానని రాశావేంది? అంటే, ఇవ్వకుండా ఎగ్గొట్టి ఉంటే అసలైన ముస్లిం అయ్యేవాడినా?”

నా దగ్గర జవాబు లేదు. ఆయన చాయ్ తాగాడు, సలాం చెప్పాడు, వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నా టేబుల్ మీదే ఉండిపోయింది. ఇవాళ ఈ వ్యాసం రాస్తున్నది ఆ ప్రశ్నకే.

‘అయినా’ చిన్న మాటే. కానీ దాని కడుపులో ఎంత విషముందో చూడండి. ముస్లిం అయినా తెలుగు బాగా మాట్లాడతాడు. ముస్లిములైనా ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటారు. ముస్లిములకైనా అద్దెకిచ్చాం, మంచివాళ్లే. ఇవన్నీ మీరు పొగడ్తలనుకుంటారు. చెప్పి మా మొహం వంక చూస్తారు, మురిసిపోతామేమోనని. మేమూ మురిసిపోతాం. అదీ బాధ. ఆ మాట పక్క టేబుల్ మీది వాడు రాసి ఉంటే నేను కొట్లాడేవాణ్ణి. నా కలం నుంచి వచ్చినప్పుడు నాకు తప్పే కనిపించలేదు. నా చెవుల్లో అది అంతగా నిండిపోయింది.

మాకు మీరు వేసిన కుర్చీలు రెండే. ఒకటి శహీద్‌ది, రెండోది విలన్‌ది. మొదటి కుర్చీలో కూర్చోవాలంటే ముందు చావాలి. 1965 సెప్టెంబరు 10న ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తుపాకీతో ప్యాటన్ ట్యాంకులను పేల్చి చనిపోయిన అబ్దుల్ హమీద్‌కి పరమవీర చక్ర ఇచ్చారు. ఆ హవల్దారుకి నా సలాం. అబ్దుల్ కలాం రాకెట్ ఎగరేశాడు, రాష్ట్రపతి అయ్యాడు. ఆయనకూ సలాం. కానీ నేనొకటి అడుగుతాను. ఒక కాలనీలో రెండు గదుల ఇల్లు అద్దెకు దొరకాలంటే నేను ట్యాంకు పేల్చాలా? నా కొడుకు బడిలో ప్రశాంతంగా చదువుకోవాలంటే రాకెట్ ఎగరేయాలా? మీలో ఒక కరెంటాఫీసు గుమాస్తా ఏ ఘనకార్యమూ చెయ్యకుండా, ఎవరికీ రుజువు చూపించకుండా, మామూలుగా బతికి మామూలుగా పోతాడు. ఆ మామూలుతనం మాకెందుకు దొరకదు?

మీ సినిమాలు చూడండి. కళ్లకు సుర్మా, మెడలో తావీజు, వెనక నుంచి అజాన్. ఆ పాత్ర రాగానే హాల్లో ఉన్న చంటిపిల్లకు కూడా తెలిసిపోతుంది, వీడు బాంబైనా పెడతాడు, హీరో కోసం ప్రాణమైనా ఇస్తాడు అని. ఇంటర్వెల్ ముందు మావాడు చస్తాడు. మీవాడికి కోపమొస్తుంది. కథ నడుస్తుంది. మావాడు బతికి ఇంటికెళ్లి పిల్లలకు లెక్కలు చెప్పిన సినిమా ఒక్కటి చూపించండి.

చరిత్రనూ అలాగే వాడుకుంటున్నారు. షోయబుల్లా ఖాన్ నా వృత్తివాడు. ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక ఎడిటరు. హైదరాబాదు ఇండియన్ యూనియన్‌లో కలవాలని, రజాకార్ల ఆగడాలు ఆగాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాచిగూడ దగ్గర దాడి చేశారు. రాసే చెయ్యి నరికేశారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆయన వర్ధంతి సభల్లో ఉపన్యాసాలు విన్నాను. ‘ముస్లిం అయినా రజాకార్లను ఎదిరించాడు.’ మళ్లీ అదే మాట! ఆయనకు దండ వేసినట్టే వేసి, ఆ దండతోనే మిగతా కౌమ్ మొత్తాన్నీ కొడతారు.

షోయబ్ చేసిన వీరకార్యం ఏమిటి? కత్తి తిప్పాడా? లేదు. బెదిరింపులు వచ్చినా మర్నాటి పేపరు తెచ్చాడు. ఆ మర్నాడు ఇంకో పేపరు. రాత్రి పని ముగించుకుని ఇంటికి బయల్దేరాడు. అంతే. జర్నలిస్టు చెయ్యాల్సిన పని, చెయ్యకుండా ఉంటే బతికిపోయే రోజుల్లో చేశాడు. ఆయన్ని చంపినవాళ్ల మూక ఆయన్ని హీరోను చెయ్యలేదు. అప్పటికే ఆయన హీరో.

షేక్ బందగీ కూడా అంతే. కామారెడ్డిగూడెం రైతు. తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలగానికి ఎదురు నిలబడి కోర్టుకెక్కాడు. గెలిచాడు. గెలిచినందుకు 1940లో చంపేశారు. ‘మా భూమి’ నాటకం ఆయన కథతోనే ఊరూరా తిరిగింది. అందరూ ఆయన చచ్చిన రోజు గురించే చెబుతారు. కాయితాలు సంకన పెట్టుకుని వాయిదా వాయిదాకూ కోర్టు మెట్లెక్కిన రోజుల గురించి ఎవరూ చెప్పరు. నా లెక్కలో ఆయన వీరత్వమంతా ఆ మెట్ల మీదే ఉంది.

ఇంతవరకూ మీ మీద రాశాను. ఇప్పుడు నా గల్లీలోకి వస్తున్నాను. చప్పట్లు కొడుతున్న మా సాబులు కాసేపు చేతులు దించండి.

మన హీరోలెవరు? నేను ఉర్దూ పత్రికలోనూ పనిచేశాను. స్టేజీ ఎక్కి మైకు పగిలేలా అరిచిన ప్రతి లీడరూ అక్కడ ‘మర్దే ముజాహిద్’. షేర్వాణీ, వెనక యాభై మోటారు సైకిళ్లు, పోస్టరు మీద గుర్రం, కత్తి. ఆ జల్సా అయ్యాక కేసులు పడేది గల్లీ పిల్లల మీద. వాళ్ల బెయిలుకి నగలు కుదువ పెట్టేది తల్లులు. ముజాహిద్ సాబ్ మాత్రం ఇంకో ఊళ్లో ఇంకో స్టేజీ ఎక్కుతాడు. ‘మర్ద్’ అన్న మాటలోనే మనం సగం కౌమ్‌ని లెక్కలోంచి తీసేశాం.

ఇండోర్‌లో షాబానో అనే ముసలామె ఉండేది. భర్త వకీలు. 1978లో, అరవై రెండేళ్ల వయసులో, తలాక్ చెప్పి చేతులు దులుపుకున్నాడు. కింది కోర్టు నెలకు 25 రూపాయలిమ్మంది. హైకోర్టు 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985 ఏప్రిల్ 23న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. 179 రూపాయల కోసం ఏడేళ్లు నిలబడింది ఆ ముసలామె! మనమేం చేశాం? ఊరూరా జల్సాలు పెట్టి ఆమెను దీన్‌కి దుష్మన్ అన్నాం. చివరికి ఆ తీర్పు నాకొద్దని ఆమె చేతే అనిపించాం. 1986లో చట్టం మార్పించుకున్నాం. పార్లమెంటును వంచిన మన బలమంతా ఒక ముసలామె అన్నం గిన్నె మీద చూపించాం. దాన్ని బహాదురీ అనుకున్నాం.

మీరూ నవ్వకండి. బిల్కిస్ బానో పేరు మీకు తెలుసు. 2002లో గుజరాత్‌లో ఆమె మీద ఏం జరిగిందో, ఆమె మూడేళ్ల కూతురు ఏమయిందో తెలుసు. ఆమె కత్తి పట్టలేదు. స్టేజీ ఎక్కలేదు. వాయిదాలకు వెళ్లింది. 2008లో పదకొండు మందికి యావజ్జీవం పడింది. 2022 ఆగస్టు 15న వాళ్లను వదిలేసినప్పుడు పూలదండలు ఎవరి మెడల్లో పడ్డాయో, మిఠాయి ఎవరి నోళ్లలో పెట్టారో దేశమంతా చూసింది. ఆమె మళ్లీ కోర్టుకే వెళ్లింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను కొట్టేసింది. ఇరవై రెండేళ్లు! ఈ దేశంలో హీరో ఎవరో, దండ ఎవరికి పడుతుందో ఇంతకన్నా ఏం చెప్పాలి?

మా ఇంట్లో ఒక హీరో ఉంది. మా అమ్మీ. బీడీలు చుట్టి నన్ను బీఏ చదివించింది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, తునికాకు. చీకటి పడేసరికి వెయ్యి బీడీలు లెక్క కావాలి. మా ఆపా ఏడో తరగతి పాసైనప్పుడు మసీదు కమిటీ పెద్దలు ఇంటికొచ్చారు. పిల్ల పెద్దదయింది, బడి మాన్పించమన్నారు. అబ్బా తల దించుకుని కూర్చున్నారు. పర్దా వెనక నుంచి అమ్మీ గొంతు వినిపించింది. “ఫీజు మీరు కడుతున్నారా? లేదు గదా. అయితే సలహా కూడా నక్కో.” ఆ యేడు బక్రీదుకి మా ఇంటికి ఒక్క గడప నుంచి కూడా గోష్ హిస్సా రాలేదు. పిల్లలం ఏడ్చాం. అమ్మీ దాల్చా వండి పెట్టి, తినండి, ఇది ఎవరూ ఇచ్చింది కాదు అంది. ఆపా ఇవాళ సర్కారు బడిలో ఉర్దూ మీడియం టీచరు. అమ్మీ ఫోటో ఏ పేపర్లోనూ రాలేదు. పేపరు వాణ్ణయి ఉండి నేనూ వెయ్యలేదు.

ఇక నా సంగతి. 2020 మార్చి ఆఖర్లో నిజాముద్దీన్ మర్కజ్ వార్త వచ్చాక కరోనా రోగుల పక్కన మతం రాయడం మొదలయింది. కూరగాయల బండివాణ్ణి పేరడిగి వెనక్కి పంపిన రోజులవి. మా డెస్కులోనూ ఆ జాబితా వచ్చింది. ఆ గదిలో నేనొక్కడినే ముస్లింని. ఇంటి లోను ఉంది, పిల్లల ఫీజులున్నాయి. నోరు మూసుకున్నాను. మాట్లాడింది కొత్తగా చేరిన ఒక తెలుగమ్మాయి. “మిగతా పేషెంట్లకు మతం రాయట్లేదు గదా సార్, వీళ్లకెందుకు?” అని తన పేజీలోంచి ఆ మాట కొట్టేసింది. వారం తిరక్కుండా ఆ అమ్మాయిని వేరే డెస్కుకి మార్చారు. నేనప్పుడూ నోరు మూసుకునే ఉన్నాను. ఆ అమ్మాయి గురించి ‘హిందువు అయినా’ అని రాస్తే ఎంత నీచంగా ఉంటుందో ఒక్కసారి అనుకుని చూడండి. మాకు రోజూ అలాగే ఉంటుంది.

పోలీసు చర్య తర్వాత 1948 చివర్లో ఢిల్లీ పంపిన సుందర్‌లాల్ కమిటీ మన జిల్లాలు తిరిగింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. ఆ రిపోర్టును దశాబ్దాల తరబడి తొక్కిపెట్టారు. అందులోనే ఇంకో మాట ఉంది. కొన్ని చోట్ల హిందూ నేతపనివాళ్లు తమతో పాటు మగ్గం నేసే ముస్లిములకు అడ్డం నిలబడ్డారట. ఆ పనిలో కొందరు తమ ప్రాణాలే పోగొట్టుకున్నారట. వాళ్ల పేర్లు లేవు. విగ్రహాలు లేవు. వాళ్లకు దేశం గుర్తొచ్చి ఉండదు, మతసామరస్యం గుర్తొచ్చి ఉండదు. పక్క మగ్గం మీద మనిషి గుర్తొచ్చి ఉంటాడు.

నాకు తెలిసిన హీరో ఇంతే. చెయ్యకపోయినా ఎవరూ అడగని పనిని, చేస్తే నష్టమని తెలిసి చేసేవాడు. చేసేది. చుట్టూ మంది ఉండరు. మైకు ఉండదు. నష్టం మాత్రం ఉంటుంది, అది మాంసం హిస్సా కావచ్చు, ఉద్యోగం కావచ్చు, ప్రాణం కావచ్చు. దీనికి కులం సర్టిఫికెట్ అక్కర్లేదు, దేశభక్తి రసీదు అక్కర్లేదు. ఈ కొలత మీకూ మాకూ ఒకటే అయిన రోజు మాట్లాడుకుందాం సామరస్యం గురించి.

పత్రికల్లో తప్పు పడితే సవరణ వెయ్యడం ఆనవాయితీ. ఆ ఆటో డ్రైవర్ మాట ప్రకారమైతే ‘అయినా’ తీసి ‘కాబట్టి’ పెట్టాలి. అది అల్లాకూ ఆయనకూ మధ్య లెక్క. నేను పెట్టను. పెడితే రేపు సంచి ఎగ్గొట్టిన ఇంకొకడి లెక్క కూడా కౌమ్ నెత్తినే పడుతుంది. అందుకని, పదిహేనేళ్లు ఆలస్యంగా, ఇలా వేస్తున్నాను.

సవరణ: ‘ముస్లిం అయినా మనసున్న మనిషి’ అన్న చోట ‘మనసున్న మనిషి’ అని చదువుకోగలరు. పొరపాటు మాదే.