ఓడ మారితే వాడుక మారుతుంది

ఒక సంస్థ ఓడలో హాయిగా తిరిగొచ్చినవాళ్లు, మరో సంస్థలోనూ అదే పద్ధతి ఉంటుందనుకుని టికెట్ కొంటారు. ఉండదు. వైకింగ్ సంస్థ సముద్ర నౌకల్లోకి 18 ఏళ్లు నిండనివారిని రానివ్వరు, కాసినో కూడా లేదు. రాయల్ కరీబియన్ 2024లో ప్రయాణాలకు దింపిన ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో పిల్లల కోసం ఏకంగా నీటి పార్కే ఉంది. క్యూనార్డ్ వారి క్వీన్ మేరీ 2లో గాలా రాత్రులకు మంచి దుస్తులు పెట్టెలో ఉండాల్సిందే. మన పట్టుచీర అక్కడ దర్జాగా నప్పుతుంది.

పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి తిండే అసలు సంగతి. 2022లో విశాఖ నుంచి బయల్దేరిన కార్డీలియా వారి ఎంప్రెస్‌లో జైన భోజనం కూడా పెట్టేవారు. 1990లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఆ ఓడ మొదట రాయల్ కరీబియన్‌దే. ఓడ అదే, వంటగది తీరు వేరు! విదేశీ ఓడల్లో గుడ్డు తగలని శాకాహారం కావాలంటే బుకింగ్ నాడే రాతపూర్వకంగా అడగండి, ఎక్కాక మళ్లీ గుర్తుచేయండి. టిప్పులు, వైఫై టికెట్ ధరలో కలిశాయో లేదో కూడా ముందే చూసుకోండి.

ఈ సంచికలో ఒక్కో సంస్థ పద్ధతులను విడివిడిగా రాశాం. డబ్బు కట్టేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని చదవండి.