ఓడ మీదకి కుక్కర్ ఎందుకండీ?

మేం సింగపూర్ నుంచి క్రూయిజ్‌కి వెళ్ళొచ్చామని తెలిసిన దగ్గర్నుంచీ చుట్టాల్లో, అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళంతా నన్ను ప్రశ్నలతో చుట్టుముడుతున్నారు.

"అత్తయ్యగారికి కళ్ళు తిరగవా?" పెద్ద ఓడలకి ఊపు తగ్గించే రెక్కలు నీళ్ళలో ఉంటాయి. అయినా భయమైతే ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకోండి. మాత్రల గురించి ముందే డాక్టర్ని అడిగి, చేతిసంచిలో పెట్టుకోండి. పెద్ద పెట్టెలు గదికి చేరడానికి గంటలు పట్టొచ్చు.

"వీసా?" సింగపూర్‌లో ఎక్కి, మలేషియా చూసి, మళ్ళీ సింగపూర్‌లోనే దిగుతాం కదా. రెండోసారి అడుగుపెట్టడానికి కూడా ఆ వీసా పనికొస్తుందో లేదో చూసుకోండి.

"ఫోన్?" సముద్రంలో అది ఓడ నెట్‌వర్క్‌ని పట్టుకుందంటే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఇంకో మాట, రేవులో దిగి షాపింగ్‌లో పడకండి. ఆలస్యమైతే మనకోసం ఓడ ఆగదు.

ఇక అందరూ గొంతు తగ్గించి అడిగేది: "చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా? ఆయనకి రాత్రిపూట మన అన్నం లేకపోతే కష్టం."

కుదరదండీ. నిప్పు భయం వల్ల కుక్కర్లు, ఇస్త్రీపెట్టెలు సాధారణంగా ఓడలోకి రానివ్వరు. నన్నడిగితే, ఆ ఓడల రూల్సన్నిటిలోకీ ఆడవాళ్ళకి మేలు చేసేది ఇదే!

మనం ఏ ఊరెళ్ళినా వంటిల్లు మన వెనకే వస్తుంది. ముందురోజు పులిహోర, దారిలో చపాతీలు, హోటల్ గదిలో కుక్కర్. అందరికీ సెలవు, మనకి మాత్రం చోటు మారిన వంట. క్రూయిజ్ టికెట్‌లో మామూలు భోజనాల ఖర్చు కలిసే ఉంటుంది. అంత డబ్బు పోసి, అక్కడా మనమే బియ్యం కడగాలా? శాకాహారం కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పండి. ఓ నాలుగు రోజులు పప్పు రుచి కాస్త తేడాగా ఉంటే ఇంట్లో ఎవరూ చిక్కిపోరు.

ఖర్చు ఎక్కువే, కాదనను. అందరూ క్రూయిజే ఎక్కాలనీ అనను. అరకు వెళ్ళినా సరే, బయల్దేరే ముందు ఇంట్లో ఒక మాట తేల్చుకోండి: ఈ నాలుగు రోజులూ అమ్మకి కూడా సెలవేనా, కాదా? ఇన్ని ప్రశ్నలడిగారు గానీ, ఇది మాత్రం నన్ను ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.