నీళ్లు కాగట్లేదా? ముందు మనమే చూద్దాం

చలికాలం వచ్చిందంటే మా ఆర్మూర్‌లో ఏ ఇంటికి వెళ్లినా వినిపించే మాట ఒకటుంది. "గీజర్ సరిగ్గ పనిచేస్తలేదు." దాని వెనకాలే ఇంకో మాట. "ఆయన వచ్చినంక చూపిద్దాం." ఆయన దుకాణం కట్టేసి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. గల్ఫ్‌లో ఉన్న ఆయనైతే ఏ రెండేళ్లకో వస్తారు. ఈలోపు పొయ్యి మీద నీళ్లు కాచి, పెద్దవాళ్లకు, పిల్లలకు తోడిపెట్టి, చివరికి చన్నీళ్లతో కానిచ్చేది ఎవరో మనందరికీ తెలుసు. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. గీజర్ ఎందుకు కాగట్లేదో కనిపెట్టడం ఇల్లాలికి తెలిసి తీరాలి. బాగుచేయడం మెకానిక్ పని. లోపం ఎక్కడుందో పసిగట్టడం మాత్రం మన చేతిలో ఉండాలి.

"వంట, పిల్లలు, బట్టలు, పెద్దవాళ్ల మందులు చాలవా, ఇది కూడా మా నెత్తినేనా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ బరువు ఇప్పటికే మన నెత్తిన ఉంది కదా! కాగే గిన్నె పట్టుకుని తడి బాత్రూంలోకి నడిచేది మనం. బకెట్‌లో రాడ్ వేసి, పిల్లలు అటు పోకుండా కాపలా కాసేది మనం. తెలుసుకోనంత మాత్రాన బరువు తగ్గదు. పైగా చేతిలో డబ్బులు పోతాయి.

ఇంకా చెప్పాలంటే, వేడి సంగతి మన వైపు ఆడవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో చూడండి. నురగ పొంగిందా, కమ్మటి వాసన లేచిందా, పుల్ల గుచ్చితే కొమ్ములోకి సులువుగా దిగిందా అని చూసి చెప్పేస్తారు. ఉడకడం ఆలస్యమైతే ముందు మంట చూస్తారు, నీళ్లు చూస్తారు, మూత చూస్తారు. కడాయి మార్చేద్దాం అని ఎవరూ అనరు. గీజర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటి మాటే "కొత్తది కొనాలేమో" అవుతుంది.

గీజర్ కూడా గుర్తులతోనే మాట్లాడుతుంది. చాలా సెట్లకు ఎర్ర లైటు ఉంటుంది. స్విచ్ వేసినా అది వెలగకపోతే, నీళ్లు అప్పటికే వేడిగా లేకపోతే, కరెంటు సెట్టు దాకా రావడం లేదన్నమాట, లేదా లోపలి కటౌట్ పడిపోయిందన్నమాట. గంటసేపు వెలుగుతూనే ఉన్నా నీళ్లు చల్లగానే ఉంటే ఎలిమెంట్ కాలిపోయి ఉండొచ్చు. ఐదారు నిమిషాలకే లైటు ఆరిపోయి నీళ్లు గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. దాని కన్నా ముందు, వేడి తగ్గించే పెంచే బటన్ ఎవరైనా తిప్పారేమో చూడండి. వేసవిలో తగ్గించిన బటన్ చలికాలం దాకా అలాగే ఉండిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి.

కొన్నిసార్లు అసలు లోపమే ఉండదు. 15 లీటర్ల సెట్టు, 2000 వాట్ల ఎలిమెంట్ అనుకుందాం. ఎండాకాలం ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలుంటే, వాటిని 55 డిగ్రీలకు తేవడానికి సుమారు 13 నిమిషాలు పడుతుంది. చలికాలం తెల్లవారుజామున అవే నీళ్లు 15 డిగ్రీలుంటే 21 నిమిషాలు కావాలి. దానికి వోల్టేజీ తోడైందనుకోండి. 230 ఉండాల్సింది 180కి పడిపోతే, ఆ 2000 వాట్ల ఎలిమెంట్ ఇచ్చేది సుమారు 1200 వాట్లే. అంటే 21 నిమిషాల పని 34 నిమిషాలకు సాగుతుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతున్న పొద్దున గీజర్ కూడా నెమ్మదిగానే కాగుతుంది. అలాంటప్పుడు పావుగంట ముందు స్విచ్ వేస్తే సరిపోతుంది. మెకానిక్‌తో పనే లేదు.

ఇక బోరు నీళ్ల సంగతి. సబ్బు నురగ రాని నీళ్లు, పప్పు తొందరగా ఉడకని నీళ్లు, గిన్నె అడుగున తెల్లగా పొర కట్టే నీళ్లు గీజర్ లోపల కూడా అదే పని చేస్తాయి. ఆ సున్నం ఎలిమెంట్ చుట్టూ గట్టిపడితే, వేడి నీళ్లలోకి సరిగ్గా పోక ఎలిమెంటే ఎక్కువ కాలుతుంది, తొందరగా పోతుంది. థర్మోస్టాట్‌కు కూడా లెక్క తప్పుతుంది. కాగేటప్పుడు లోపల నుంచి గురగురమనో టపటపమనో చప్పుడు వస్తుంటే సున్నం పేరుకుందని గుర్తు. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తుప్పు ట్యాంకును పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. బోరు నీళ్లు వాడే ఇంట్లో ఏడాదికోసారి ట్యాంకు కడిగించి, ఆ కడ్డీ ఎంత మిగిలిందో చూపించమనాలి. ఇది చేయకుండా ఎలిమెంట్లు మార్చుకుంటూ పోవడం చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే.

మా వీధిలో ఒక చెల్లె ఉంది. భర్త దుబాయిలో, ఇంట్లో అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. రెండు చలికాలాల్లో రెండుసార్లు ఎలిమెంట్ మార్పించింది. మూడోసారి వచ్చినాయన, "అక్కా, గిది పాత సెట్టు, కొత్తది తీసుకుంటనే నయం" అని చెప్పి పోయాడు. ఆమె డబ్బు పంపమని ఫోన్ చేయబోయే ముందు ఒక పరీక్ష చేసి చూశాం. గీజర్ స్విచ్ ఆపి, గీజర్‌లోకి చన్నీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేసి, మిక్సర్ నల్లాను పూర్తిగా వేడి వైపు తిప్పాం. కాసేపట్లో ధార ఆగిపోవాలి. ఆగలేదు. అంటే మిక్సర్ లోపల అరిగిపోయి, చన్నీళ్లు దొంగతనంగా వేడినీళ్లలో కలుస్తున్నాయి. మిక్సర్ బాగుచేయించాక ఆ పాత సెట్టే పొగలు కక్కింది. అయిన ఖర్చు కొత్త గీజర్ ధరలో పదోవంతు కూడా లేదు. ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. కానీ వాల్వ్ మళ్లీ తెరిచి, నల్లాలో నీళ్లు వస్తున్నాయని చూసుకున్నాకే స్విచ్ వేయండి.

ఈ పద్ధతి ఒక్క గీజర్‌కే కాదు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు కూతురు మొన్న చలిలో ఫోన్ చేసి, "అత్తమ్మా, మా ఇంట్ల హీట్ పంప్ నుంచి గోరువెచ్చని గాలే వస్తుంది, ఇల్లు వేడెక్కుతలేదు" అంది. హీట్ పంప్ అంటే ఫ్రిజ్‌ను తిరగేసినట్టు. బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని లాగి ఇంట్లోకి తెస్తుంది. అందుకే గ్యాస్ పొయ్యి గాలిలా చురుక్కుమనదు, గోరువెచ్చగానే ఎక్కువసేపు వీస్తుంది. అది దాని స్వభావం. అక్కడా చూడాల్సినవి చిన్నవే. ఫిల్టర్‌కు దుమ్ము పట్టిందా, థర్మోస్టాట్ చలికాలం గుర్తు మీదే ఉందా, బయటి పెట్టె చుట్టూ ఆకులో మంచో కప్పేసిందా. ఆ పెట్టె నుంచి అప్పుడప్పుడు ఆవిరి లేస్తే భయపడనక్కర్లేదు, మీద పట్టిన మంచును తానే కరిగించుకుంటోందన్నమాట. గంటలు గడిచినా గడ్డ మంచు అలాగే ఉంటే మాత్రం మనిషిని పిలవాల్సిందే. ఆ పిల్ల ఫిల్టర్ తీసి చూస్తే బూడిద రంగు బొంత ఉందట!

ఎంతవరకు చూడాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఎక్కడ ఆగాలో తెలియడం అంతకన్నా ముఖ్యం. గీజర్ మూత విప్పే పని మనది కాదు. ఎం.సి.బి. పడితే ఒకసారి ఎత్తండి. మళ్లీ పడితే వదిలేయండి, అది మనల్ని కాపాడుతోంది. నల్లా ముట్టుకుంటే జివ్వుమన్నా, ప్లగ్గు దగ్గర కాలిన వాసన వచ్చినా మెయిన్ ఆపి మెకానిక్‌ను పిలవండి. ఎర్తింగ్ ఉందా, 16 ఆంపియర్ల సాకెటేనా అని అడిగి తెలుసుకోండి. గీజర్ చెడింది కదా అని రాడ్ వాడాల్సి వస్తే, స్విచ్ ఆపి ప్లగ్గు తీశాకే నీళ్లలో వేలు పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

మెకానిక్ వచ్చాక మాటలన్నీ మగవాళ్లతోనే నడుస్తాయి. రోజూ ఆ నీళ్లు వాడేది మనం, గుర్తులు తెలిసింది మనకు. కాబట్టి ముందు మనమే మాట్లాడాలి. "లైటు ఐదు నిమిషాలకే ఆరుతుంది, లోపల చప్పుడు వస్తుంది, వోల్టేజీ బాగానే ఉంది" అని వరసగా చెప్పే మనిషికి అక్కర్లేని సామాను అంటగట్టడం అంత సులువు కాదు. మార్చిన సామాను పాతది చూపించమనండి. కొత్తదే కొనాల్సి వస్తే, ఐదు స్టార్లుంటే తొందరగా కాగుతుందనే మాట నమ్మకండి. గీజర్ మీది స్టార్లు కాగిన నీళ్ల వేడి ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతాయి, అంతే.

ఈ విద్య ఆడపిల్లలకూ నేర్పండి, మగపిల్లలకూ నేర్పండి. రేపు హాస్టల్లోనో పరాయి దేశంలోనో వాళ్లు ఒక్కరే ఉంటారు. ఈ ఆదివారం ఒక కాగితం మీద గీజర్ ఎప్పుడు కొన్నదీ, ఎప్పుడు కడిగించిందీ, ఏ సామాను ఎప్పుడు మార్చిందీ రాసి, స్విచ్‌బోర్డు పక్కన అతికించండి. పిల్లల చేత రాయిస్తే ఇంకా మంచిది.