ధర అదే, తూకమే తగ్గింది

కిరాణ దుకాణంలో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఏండ్ల తరబడి ఐదు రూపాయలకే వచ్చింది. ధర పెరగలేదని మనం సంబురపడ్డాం. లోపల బిస్కెట్లు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టిన వాళ్లం ఎందరం? ధర పెంచితే జనం అడుగుతారు. తూకం తగ్గిస్తే ఎవరూ అడగరు. ఇది కండ్లు కప్పి జేబు కొట్టడం కాదా?

సబ్బుదీ ఇదే కథ, చాయ్‌పత్తాదీ ఇదే కథ. ఐస్‌క్రీం అనుకొని పిల్లలకు కొనిచ్చేది చాలాసార్లు ఐస్‌క్రీమే కాదు. కవరు మీద ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే, అందులో పాల కొవ్వుకు బదులు నూనెల కొవ్వు వాడారని అర్థం. అది విషమని మనం అనడం లేదు. పాలనుకొని నూనెకు పైసలిస్తున్న సంగతి మనకు తెలవాలె కదా!

“ఎనకటి రోజులే మంచిగుండె” అని పెద్దలంటే చాదస్తమని నవ్వుతాం. నిజమే, ఎనకట అన్నీ మంచిగా లేవు. ఫోను కనెక్షన్ కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూసిన కాలమది. వాడకొక్క ఫ్రిజ్ కూడా లేని కాలమది. కానీ కొన్న వస్తువు నిలిచేది. 1942లో హైదరాబాద్‌లో మొదలైన ఆల్విన్ కంపెనీ ఫ్రిజ్‌ను ఇరవై ఏండ్లు వాడుకున్న ఇండ్లు మనకు తెలుసు. చెడిపోతే గల్లీలోని మెకానిక్కే బాగుచేసేవాడు. ఇప్పుడు చిన్న బోర్డు కాలినా “కొత్తది తీసుకోండి సార్” అనే మాటే వినిపిస్తుంది. ఒకప్పుడు ఫోను మూత గోటితో తీసి బ్యాటరీ మనమే మార్చుకున్నాం. ఇప్పుడు దాన్ని జిగురుతో అతికించి మూసేస్తున్నారు. ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటారే తప్ప మనిషి దొరకడు.

ఇది కాల మహిమ కాదు, లాభం కోసం మనుషులు తీసుకున్న నిర్ణయం. 1924లో పెద్ద పెద్ద బల్బు కంపెనీలు జెనీవాలో కూడబలుక్కొని ఫీబస్ అనే కూటమి కట్టాయి. పదిహేను వందల నుంచి రెండు వేల గంటలు వెలిగే బల్బును వెయ్యి గంటలకు కుదించాయి. అంతకు మించి వెలిగే బల్బు చేసిన కంపెనీకి జరిమానా వేశాయి! మంచి సరుకు చేయడమే నేరమైంది.

మరి మన సర్కారు ఏం చేసింది? బిస్కెట్లు, సబ్బుల లాంటి సరుకులను ఫలానా తూకాల్లోనే ప్యాక్ చేయాలనే నిబంధన ఉండేది. 2021లో చేసిన సవరణతో దాన్ని తీసేశారు. బదులుగా గ్రాముకు ఎంత, కిలోకు ఎంత అనేది ప్యాకెట్ మీద వేయాలన్నారు. మంచిదే. కానీ కూలికి పోయి చీకటి పడినంక దుకాణానికొచ్చే తల్లి ఆ సన్నటి అక్షరాలు చదివి, పైసల లెక్క కట్టి కొంటుందా? ఆమె కొనేది చిన్న ప్యాకెట్. తూకం తగ్గితే మొదటి దెబ్బ ఆమెకే.

ఫ్రాన్స్‌లో 2024 జూలై నుంచి, తూకం తగ్గించి లెక్కన ధర పెంచిన సరుకు దగ్గర ఆ సంగతి రాసిపెట్టే బాధ్యత పెద్ద దుకాణాల మీద ఉంది. ఇక్కడెందుకు వద్దు? తగ్గించిన తూకం ధరంత పెద్ద అక్షరాల్లో కనపడాలి. వస్తువు అమ్మినవాడు దాని విడిభాగాలూ అమ్మాలి.

విద్యార్థులారా, ఉద్యోగులారా! చదువుకున్నది మనమే గనుక ప్యాకెట్ తిప్పి చూడాల్సిందీ మనమే. అమ్మకు చదివి చెబుదాం. బిల్లు అడుగుదాం. మోసం కనపడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దాం. ఐదు రూపాయలకు ఏం పోరాటం అనుకోవద్దు. అడగరనే ధీమాతోనే వాళ్లు తూకం తగ్గించారు. ముందు ఆ ధీమాను తగ్గిద్దాం.