వార్తలలో ఆంగ్లం: మౌనానికి ఒక అర్థం

పుదుచ్చేరిలో ఆగస్టు 15 మరునాడే ఇంకొక జెండా పండుగ. నవంబరు 1న మరొకటి. మొదటిదాని వార్తలో ‘డీ జ్యూరే’, రెండవదాని సందర్భంలో ‘డీ ఫ్యాక్టో’ అన్న లాటిన్ మాటలు ఆంగ్ల పత్రికలలో కనబడుతూ ఉంటాయి. అవి తెలియకపోతే వార్త సగమే బోధపడుతుంది.

1954 నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహె, మన యానాం పాలన ఫ్రెంచివారి చేతినుండి భారత ప్రభుత్వానికి వచ్చింది. పాలన మారినదే గాని చట్టరీత్యా హక్కు మారలేదు. అది ‘డీ ఫ్యాక్టో’. 1956 మే 28న ఒడంబడికపై సంతకాలు జరిగినా, ఫ్రెంచి పార్లమెంటు దానిని ‘రాటిఫై’ చేయడం, అనగా ఆమోదముద్ర వేయడం, 1962లో గాని జరగలేదు. ఆ ఏడు ఆగస్టు 16న హక్కు కూడ సంక్రమించింది. అది ‘డీ జ్యూరే’. తాళపుచెవులు కొంగున కట్టుకొన్న పెద్దకోడలు డీ ఫ్యాక్టో యజమానురాలు. దస్తావేజులో పేరున్న మామగారు డీ జ్యూరే యజమాని!

ఆ ఒడంబడిక ‘ట్రీటీ ఆఫ్ సెషన్’. శాసనసభ ‘సెషన్’తో దీనికి ఉచ్చారణలోనే పోలిక, వర్ణక్రమం వేరు. భూభాగాన్ని వదలి ఇతరులకు అప్పగించుట అనే అర్థంగల ‘సీడ్’ దీనికి క్రియ. ఈ మాట మనకు కొత్త కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన జిల్లాలే ‘సీడెడ్’ జిల్లాలు, మన దత్తమండలాలు. రాయలసీమ అని పేరు మారినా సినిమా పంపిణీదారులు నేటికీ ‘సీడెడ్’ అనే అంటారు.

అన్నిటికంటె బరువైన మాట చాల చిన్నది: ‘ఆప్ట్’, అనగా ఎంచుకొనుట. అక్కడ పుట్టి అక్కడే నివసించే ఫ్రెంచి జాతీయులు ఫ్రెంచివారుగానే ఉండదలిస్తే, ఒడంబడిక అమలులోకి వచ్చిన ఆరు నెలలలో ఆ సంగతి వ్రాసి ఇవ్వాలి. ఇవ్వనివారు ‘బై డిఫాల్ట్’ భారతీయులైనారు. అప్పు ఎగవేతకు చెప్పే ‘డిఫాల్ట్’ అర్థం ఇక్కడ పొసగదు. ఏమీ చేయకపోవడంవల్ల దానంతట అదే కలిగే ఫలితమని అర్థం. అన్న వ్రాసి ఇచ్చి తమ్ముడు మిన్నకుంటే, ఒక్క కప్పు క్రింద రెండు దేశాల పౌరులు! ఫ్రాన్సు ఎన్నికలలో ఓటువేసేవారు పుదుచ్చేరిలో నేటికీ ఉన్నారు.

ఈ మాటకు రెండు తోకలున్నవి. ‘ఆప్ట్ ఇన్’ అంటే కోరి చేరుట. ‘ఆప్ట్ అవుట్’ అంటే వద్దని చెప్పి తప్పుకొనుట. బ్యాంకు కాగితంమీద సంతకం చేసేముందు ఏది ఉన్నదో చూడండి. మొదటిదానిలో మీ మౌనం నిరాకరణ, రెండవదానిలో అంగీకారం.