ఊరికే కూర్చునే హక్కు

పదవీ విరమణ సభల్లో కొన్నేళ్లుగా ఒకటే పాట వినిపిస్తోంది. శాలువా కప్పుతారు, దండ వేస్తారు, ముప్పై ఏళ్ల సర్వీసును మూడు ముక్కల్లో పొగుడుతారు. ఆపైన మైకు అందుకున్న ప్రతి వక్తా ఆ పెద్దమనిషిని హెచ్చరిస్తాడు: "సార్, ఇంట్లో ఖాళీగా మాత్రం కూర్చోకండి. పార్ట్ టైమో, ఇంకేదైనా వ్యాపకమో పెట్టుకోండి. ఖాళీగా ఉంటే మనిషి తుప్పు పట్టిపోతాడు." అందరూ తలలూపుతారు. ఇంటికెళ్తే కొడుకు అదే అంటాడు, వియ్యంకుడు అదే అంటాడు, తెల్లారేసరికి వాట్సాప్‌లో వచ్చే సుభాషితం కూడా అదే అంటుంది. ఇంతమంది ఇన్నిసార్లు అంటున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుందని మనమూ ఒప్పేసుకున్నాం.

ఒప్పుకోవలసిన పని లేదు. మనిషి ఇనుము కాదు, తుప్పు పట్టడానికి. అరవై దాటినవాణ్ని ఏదో ఒక పనికి కట్టేస్తే తప్ప నిలబడడన్న నమ్మకానికి గట్టి ఆధారం ఎవరూ చూపలేదు. ఉన్నవల్లా కొన్ని భయాలు, కొన్ని కథలు, వాటి చాటున కొందరి లాభాలు. ఒక్కొక్కటే బయటికి తీద్దాం, తీర్పు మీరే చెప్పండి.

ముందు ఆ కథ సంగతి. "ఫలానా ఆయన రిటైరైన ఆర్నెల్లకే పోయాడండీ. పని లేక బెంగ పెట్టుకున్నాడు." ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. ఆ ఫలానా ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు ఉందా, రిటైరయ్యేనాటికే గుండెకు స్టెంటు పడిందా అని అడిగినవాడు మాత్రం కనపడడు. ఒంట్లో బాగోలేనివాళ్లే ముందుగా వీఆర్ఎస్ తీసుకుంటారు. సత్తువ ఉన్నవాళ్లే డెబ్భైలోనూ ఉద్యోగం చేయగలుగుతారు. ఈ రెండు గుంపుల్నీ పక్కపక్కన నిలబెట్టి "చూశారా, పనిచేసేవాళ్లు బాగున్నారు, మానేసినవాళ్లు పోతున్నారు" అంటే అది తర్కమా? వాళ్లు బాగున్నారు కాబట్టే పనిచేస్తున్నారు. వ్యాధుల లెక్కలు చూసే శాస్త్రంలో ఈ పొరపాటు ఎంత పాతదంటే, ఆరోగ్యవంతులైన కార్మికుల ప్రభావమని దానికొక పేరే పెట్టి, దాని బారిన పడొద్దని విద్యార్థులకు మొదట్లోనే నేర్పుతారు. ఇక పొద్దున పేపరు, సాయంత్రం అరుగు తప్ప మరో వ్యాపకం లేకుండా పాతికేళ్లుగా పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు మీ వీధిలో ఎందరున్నారో లెక్కపెట్టండి. వాళ్ల గురించి ఏ సభలోనూ ఎవరూ మాట్లాడరు. నిమ్మళంగా బతికినవాడి సంగతి కథగా చెప్పుకోవడానికి పనికిరాదు మరి.

కథలు పక్కన పెట్టి, మనుషుల్ని ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన పరిశోధనలు చూద్దాం. లండన్ ప్రభుత్వోద్యోగుల మీద 1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనం ఈ ప్రశ్ననే పట్టుకుంది. 2003లో వెలువడిన ఫలితం ఏమిటంటే, రిటైరైనవాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగుపడింది, ఉద్యోగంలో కొనసాగినవాళ్లది తగ్గింది. ఒంటి పటుత్వం ఇద్దరిలోనూ తగ్గింది. ఫ్రాన్సులో గ్యాసు, విద్యుత్ సంస్థల ఉద్యోగుల్ని పరిశీలించిన గాజెల్ అధ్యయనం 2010లో ఇంకా స్పష్టంగా తేల్చింది. రిటైరయ్యాక అలసట, మానసిక కుంగుబాటు బాగా తగ్గాయి. గుండెజబ్బు, షుగరు రిటైరవడం వల్ల పెరిగిన దాఖలా లేదు. మరి తుప్పు ఎక్కడ?

వైట్‌హాల్ ఫలితంలో మన వక్తలు తప్పక చూడవలసిన మెలిక ఒకటుంది. ఆ మెరుగుదల పై గ్రేడులవాళ్లకే దక్కింది, కింది గ్రేడులవాళ్లకు దక్కలేదు. దీన్నుంచి నాకు తెలిసేది ఒకటే. విశ్రాంతి ఎలా ఉంటుందన్నది చేతిలో పని ఉందా లేదా అన్నదాని కన్నా, చేతిలో డబ్బుందా లేదా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ సంగతికి మళ్లీ వస్తాను.

ఎదుటివాళ్ల చేతిలోనూ ఒక అస్త్రం ఉంది, దాచడం న్యాయం కాదు. అమెరికా, ఇంగ్లండు, ఇతర యూరప్ దేశాలను పోల్చిన ఒక పరిశోధన, జనం తొందరగా రిటైరయ్యే దేశాల్లో అరవై ఏళ్లవాళ్ల జ్ఞాపకశక్తి తక్కువగా ఉందని చెప్పింది. అదీ 2010లోదే. సరే, దాని అర్థం ఎంతవరకు? బుర్రకు పని చెబుతూ ఉండాలన్నంతవరకు. ఆ పని జీతం ఇచ్చేచోటే దొరుకుతుందని అందులో ఎక్కడుంది? నలభై ఏళ్లుగా చేసిన బిల్లుల తనిఖీనే మరో ఐదేళ్లు ఇంకో ఆఫీసులో చేస్తే ఏ బుర్ర పదునెక్కుతుంది?

ఇక్కడే ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని పట్టుకొస్తారు. "నూరేళ్లు బతికాడు, చివరిదాకా పనిచేశాడు, మీరెందుకు కూర్చోవాలి?" అంటారు. ఆయన జీవితం చదివి మాట్లాడుతున్నారా? 1908లో, యాభై ఏళ్లు నిండకముందే, ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు తనంతట తాను వదులుకున్నాడు. ఆ ఏడాదే మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది, నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చాడు. 1918లో మైసూరు దివాను పదవినీ వదిలేశాడు. కొలువు పోతే ఏమైపోతానోనన్న బెంగ ఉన్నవాడు రెండుసార్లు అంతంత పదవుల్ని వదిలిపెట్టి నడుస్తాడా?

అంత దూరం ఎందుకు, మన గిడుగు రామమూర్తి పంతులుగారిని చూడండి. 1863లో పుట్టిన మనిషి, పర్లాకిమిడి కాలేజీ ఉద్యోగం నుంచి 1911లో విరమించుకున్నాడు. ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు ఆయన కాలం ఆయనదే. గ్రాంథికవాదులతో ఊరూరా తిరిగి వాదించాడు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టాడు. తాను పట్టుకున్న సవర భాష పని పూర్తిచేశాడు. ఆ వ్యాకరణం 1931లో వచ్చింది, నిఘంటువు 1938లో, ఆయనకు డెబ్భై అయిదేళ్లప్పుడు. శ్రేయోభిలాషి ఎవరైనా ఆయన్ని పట్టుకుని "పంతులుగారూ, ఖాళీగా కూర్చోకండి, జమీందారుగారి పిల్లలకు పూటకు రెండు గంటలు ప్రైవేటు చెప్పండి" అని ఒప్పించి ఉంటే మనకేం మిగిలేది? "చూశారా, గిడుగు కూడా పనిచేశాడుగా" అంటారేమో. చేశాడు. తనకు నచ్చిన పని, తనకు వీలైన వేళ, ఎవరికీ జవాబు చెప్పుకోకుండా చేశాడు. అలాంటి పని చేసుకునేవాణ్ని ఆపమని నేను అనలేదు. ఎంతో పెద్ద పని చేయగల ఖాళీని చూసి కంగారుపడి, దాన్ని చిల్లర కొలువుతో పూడ్చేయమనే సలహాతోనే నా పేచీ.

విరమణ వయసును ఒంటికీ మనసుకూ ముడిపెట్టి మాట్లాడేవాళ్లు మన రాష్ట్ర చరిత్రను ఒకసారి తిరగేయాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వయసును 58 నుంచి 55కు దించింది. యువతకు ఉద్యోగాలు కావాలన్నారు. 1984లో మళ్లీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2021లో తెలంగాణలో 61, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో 62. మనవాళ్ల శరీరాలు ఏమైనా ఇన్నిసార్లు మారాయా? 2022 నాటి ప్రకటన గుర్తుచేసుకోండి. అప్పటికి 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు 23.29 శాతం ఫిట్‌మెంట్ ఇచ్చారు. దాంతో పాటే విరమణ వయసు రెండేళ్లు పెంచారు. సీనియర్ల అనుభవాన్ని రాష్ట్రాభివృద్ధికి వాడుకోవడానికన్నారు. అంతటి గౌరవం దక్కితే ఉద్యోగులు ఫిబ్రవరి 3న వేలాదిగా చలో విజయవాడ అంటూ రోడ్డెక్కారెందుకు? ఆ ఫిట్‌మెంట్ అందుకుంటున్న భృతి కన్నా తక్కువని వాళ్లకు లెక్క తెలుసు. ఇక విరమణ వయసు పెంపులో ఖజానా లెక్క వేరే ఉంది. నెలనెలా రిటైరయ్యేవాళ్లకు ఒకేసారి కట్టవలసిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఆ ఒక్క నిర్ణయంతో రెండేళ్లు వెనక్కి జరిగింది. అనుభవం మీద గౌరవం ఖజానా ఖాళీ అయినప్పుడే ఎందుకు పుట్టుకొస్తుందో పాఠకులు ఆలోచించాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. రిటైరై పనిచేస్తున్నవాళ్లందరినీ "ఖాళీగా ఉండలేక చేస్తున్నారు" అని ఒకే గాటన కట్టడం ఈ సలహాలో ఉన్న అతి పెద్ద అన్యాయం. మీ అపార్టుమెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మనిషిని దగ్గరగా చూడండి. ఏజెన్సీ ఇచ్చిన నీలం చొక్కా భుజాల మీంచి జారిపోతూ ఉంటుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. కాళ్ల దగ్గర దోమల బత్తి. డెలివరీ కుర్రాడు వస్తే కళ్లజోడు ముక్కు మీదికి దించి రిజిస్టరులో ఫ్లాటు నంబరు, ఫోను నంబరు రాసుకుంటాడు. పొద్దున వాకింగుకు బయల్దేరినవాళ్లు "తాత ఈ వయసులో కూడా ఎంత యాక్టివో" అనుకుంటూ పోతారు. ఆయన ఏ ప్రైవేటు మిల్లులోనో పాతికేళ్లకు పైగా చేసి ఉంటాడు. ప్రావిడెంట్ ఫండు కింద వచ్చే ఈపీఎస్-95 పెన్షన్‌కు కనీస మొత్తం 2014లో నెలకు వెయ్యి రూపాయలుగా పెట్టారు. పదేళ్లు దాటినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉండిపోయింది. బీపీ మాత్రలకే చాలని డబ్బది. ఆ మనిషి వ్యాపకం కోసం రాత్రంతా మేలుకుంటున్నాడా? ఆయన అవసరానికి ఉత్సాహమని పేరు పెడితే, ఆ వెయ్యి పెంచమని అడగవలసిన నోళ్లన్నీ మూతపడతాయి. జరుగుతున్నది అదే.

పెన్షన్ బాగానే వచ్చేవాళ్ల పార్ట్ టైము సంగతి వేరు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ రిటైర్డ్ లెక్చరరును పిలిచి "మీకు పెన్షన్ ఉందిగా సార్, ఇంతకి రండి" అంటుంది. ఆయన సరేనంటాడు, పొద్దుపోతే చాలంటాడు. పీజీ చేసి, బీఈడీ చేసి, ఆ గుమ్మం ముందే నిలబడ్డ కుర్రాడికి ఆ తర్వాత చెప్పే జీతం ఎంతో ఊహించండి. దేశం మొత్తం మీద ఉద్యోగాల సంఖ్య గీత గీసినట్టు ఉండదని, పెద్దవాళ్లు పనిచేసినంత మాత్రాన కుర్రవాళ్లకు తగ్గవని ఆర్థికవేత్తలంటారు. దేశం లెక్కలో అది నిజమే కావచ్చు. కానీ ఆ కాలేజీలో ఫిజిక్సు చెప్పే కుర్చీ ఒక్కటే. మంజూరైన పోస్టూ ఒక్కటే. ప్రభుత్వ శాఖల్లో అయితే ఎక్స్‌టెన్షన్ల మీద ఎక్స్‌టెన్షన్లు. 2025 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం రిటైరయ్యాకా కొలువుల్లో కొనసాగుతున్న వేలమందిని ఒక్కసారిగా తొలగించవలసి వచ్చిందంటే, ఈ అలవాటు ఎంత లోతుకు దిగిందో తెలియడం లేదా?

ఈ చర్చలో అసలు పేరే వినపడని మనుషులు సగం మంది ఉన్నారు. రిటైరైన మేష్టారిని ఖాళీగా కూర్చోవద్దనే పెద్దలు ఆయన భార్యను ఏనాడైనా అలా హెచ్చరించారా? ఆమెకు ఖాళీ ఎక్కడిది? 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. ఆవిడకు విరమణ వయసు ఏ జీవోలోనూ లేదు. పైగా అరవై దాటాక డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోను: "అమ్మా, మీరిద్దరూ అక్కడ ఖాళీగానే ఉన్నారుగా, డెలివరీకి వచ్చెయ్యండి." విజిటర్ వీసా మీద ఆరు నెలలు. పథ్యపు వంట, పసిబిడ్డకు స్నానం, రాత్రిళ్లు జాగరణ. బయట మంచు, తెలిసినవాళ్లు లేరు, కారు లేదు. తిరిగొచ్చాక ఇరుగుపొరుగుకు చెప్పుకునేది మాత్రం అమెరికా చూసొచ్చామని. ప్రేమతోనే వెళ్తారు, కాదనను. కానీ ఆవిడ ఖాళీని మనం ఇంత సులువుగా మన సొత్తు చేసుకున్నామంటే, ఖాళీగా ఉండటం నేరమని ముందే ఒప్పించి పెట్టాం కాబట్టే.

"మా తాత ఎనభై ఏళ్లకీ పొలం వెళ్లాడు" అనే వాదనకు రెండు మాటలు చాలు. వెళ్లకపోతే గింజ రాదు కాబట్టి వెళ్లాడు. మోకాళ్లు సహకరించనప్పుడు అరుగు మీద కూర్చున్నాడు, అప్పుడు ఆయన్నెవరూ దండగ మనిషి అనలేదు.

ఇంతకీ ఊరికే కూర్చోవడమంటే ఏమిటని వీళ్ల ఉద్దేశం? పొద్దున తొమ్మిదింటికి ఏ ఊళ్లోనైనా శాఖా గ్రంథాలయానికి వెళ్లి చూడండి. పేపరును విడదీసి పంచుకుంటారు. ఒకాయన దగ్గర సంపాదకీయం పేజీ, పక్కాయన దగ్గర జిల్లా ఎడిషను, మూడో ఆయన తన వంతు కోసం బల్ల చివర కాచుకుని ఉంటాడు. చదివింతర్వాత గుమ్మం దగ్గర అరగంట వాదన. ఒకరు రాకపోతే రెండో రోజుకల్లా ఇంటికి వెళ్లి తలుపు తడతారు. ఏ పే స్లిప్పూ లేని ఈ పొద్దుపోకలో చదువుంది, మాటుంది, మనిషిని కనిపెట్టుకునే మనిషున్నాడు. పార్ట్ టైము కొలువులో కుదురుకున్నవాడు మొదట పోగొట్టుకునేది దీన్నే. ఒంటరితనం ముసలివాళ్లను కుంగదీస్తుందంటే ఒప్పుకుంటాను. దానికి మందు తోడు. ఆ గ్రంథాలయానికి రెండు ఫ్యాన్లు, నాలుగు కుర్చీలు, ఒక మరుగుదొడ్డి అడిగిన వక్తను ఏ సన్మాన సభలోనూ నేను చూడలేదు.

కాబట్టి వచ్చే నెల మరో సభలో మైకు పుచ్చుకోబోయే పెద్దలకు నేను అడిగేది ఇది. తెలంగాణలో 2024 మార్చి తర్వాత రిటైరైన ఉద్యోగుల్లో ఎందరో తమకు న్యాయంగా రావలసిన గ్రాట్యుటీ కోసం, కమ్యుటేషన్ కోసం, జీపీఎఫ్‌లో తాము దాచుకున్న సొంత డబ్బు కోసం హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. మీరు శాలువా కప్పిన మనిషి రేపు పొద్దున ఆ ఫైలు పట్టుకుని ట్రెజరీ ఆఫీసు చుట్టూ తిరగబోతున్నాడు. ఆయన ఏం వ్యాపకం పెట్టుకోవాలో చెప్పడం మానేసి, ఆ డబ్బు ఏ తేదీకల్లా చేతికొస్తుందో ఆ వేదిక మీదే, పై అధికారిని పక్కన నిలబెట్టుకుని అడగండి.