బీడీ చిన్నదే అనుకోవద్దు

పొగ అనగానే సిగరెట్ గుర్తొస్తుంది. కానీ 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో బీడీ తాగేవారు 7.7 శాతం, సిగరెట్ తాగేవారు 4 శాతమే. మొత్తమ్మీద పొగ తాగేవారు 2009-10లో 14 శాతం ఉంటే 10.7కి తగ్గారు. సంతోషమే. అయితే దేశమంతటా పొగ కంటే నమలడం ఎక్కువ; మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పొగదే పైచేయి.

ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నుంచి, కొల్లేటి లంకల నుంచి ఆయాసంతో వచ్చేవారిని ‘సిగరెట్ తాగుతారా?’ అంటే చాలామంది ‘లేదండీ’ అంటారు. ‘బీడీ?’ అని విడిగా అడిగితే, ‘అదా, రోజుకో కట్టండి’. చేపల చెరువు మీద రాత్రి కాపలాలో నిద్ర ఆపుకోవడానికి మొదలైన అలవాటు. బీడీ చిన్నదే, కానీ ఆ ఆకు గాలిని తేలిగ్గా పోనివ్వదు. ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. అందుకే లోపలికి వెళ్లే తారు, నికోటిన్ సిగరెట్ కంటే తక్కువేమీ కాదు, తరచూ ఎక్కువే.

2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్‌కు 40 శాతం పన్ను ఖాయం చేసి, బీడీకి 28 నుంచి 18కి తగ్గించాలని నిర్ణయించింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల ఉపాధి మాట నిజమే (వాళ్లూ పొగాకు ధూళి పీలుస్తున్నారు, అది వేరే సంగతి). వైద్యుడిగా నాకిది రుచించలేదు. ధర పెరిగితే ముందు మానేది తక్కువ సంపాదన ఉన్నవాళ్లే. వాళ్లు తాగేదే బీడీ.

మీ ఇంట్లో నాన్నగారో, మీ చెరువు దగ్గర పనిచేసే మనిషో తాగుతుంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి, ఉచితం. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష కూడా చేయించాలి. పొగ తాగేవారికి క్షయ ముప్పూ ఎక్కువే.